టికెట్ మీద ఉన్న ఫోన్ నంబరు ఎవరిది?

చౌక విమానాల వాళ్ళు టైము మార్చేస్తుంటే ఎలా నెట్టుకొస్తున్నారని అడిగారు కదా. మార్చడం వాళ్ళకి అలవాటే. మార్చిన సంగతి మనకి తెలియకపోవడమే అసలు బాధ. మాది అమలాపురం పక్క పల్లె. మా వైపు గల్ఫ్ వెళ్ళేవాళ్ళలో చాలామందికి టికెట్ ఏజెంటే తీస్తాడు. తన నంబరే కొడతాడు. ఎయిర్‌లైన్ మెసేజ్ వెళ్ళి ఆయన ఫోన్లో పూల బొమ్మల శుభోదయాల కింద పడి ఉంటుంది.

మా పెద్దక్కని కువైట్ పంపేటప్పుడు అదే జరిగింది. పొద్దున్న ఎనిమిదింటికి మధురపూడి (రాజమండ్రి ఎయిర్‌పోర్టు) నుంచి హైదరాబాద్, సాయంత్రం ఐదింటికి శంషాబాద్ నుంచి కువైట్. రెండూ వేరే వేరే టికెట్లు. అలా అయితే చవకట! మూడున్నరకి కారెక్కాం. రావులపాలెం దాటి జొన్నాడ వంతెన మీదకి వచ్చేసరికి ఒకటే మంచు, ముందు కొబ్బరికాయల లారీ ఎర్రలైటు తప్ప ఏమీ కనపడలేదు. ఎయిర్‌పోర్టులో కౌంటర్ దగ్గర ఎవరూ లేరు. నేల తుడుస్తున్నావిడ తలెత్తి, "ఆ ఫ్లైటు మధ్యాహ్నం రెండింటికి మార్చారు కదండీ, తెలీదా?" అంది.

ఏజెంటుకి ఫోన్ చేశాను. "ఆయ్, మెసేజ్ నాలుగు రోజుల కిందటే వచ్చిందండి. చెబుదామనే అనుకున్నానండి."

రెండింటి ఫ్లైటెక్కితే శంషాబాద్‌లో దిగి, బ్యాగు తీసుకుని, మళ్ళీ లోపలికెళ్ళేసరికి కువైట్ కౌంటర్ మూసేస్తారు. వేరే టికెట్లు కాబట్టి అది తప్పినా మొదటి ఎయిర్‌లైన్‌కి సంబంధం లేదు. డ్రైవరే అన్నాడు, విజయవాడ ఎయిర్‌పోర్టుకి, అదే గన్నవరం పోదామని. దారిలో ఫోన్లో అక్కడినుంచి హైదరాబాద్‌కి పదకొండున్నర ఫ్లైటుకి టికెట్ కొన్నాను, పాత ధరకి మూడింతలు. గంటలో మళ్ళీ రావులపాలెం వచ్చింది. ఒళ్ళో ఆత్రేయపురం పూతరేకుల డబ్బా పట్టుకుని కూర్చున్న అక్క అప్పటిదాకా నోరు విప్పలేదు. "ఒరేయ్, తెల్లారగట్ల ఇక్కడినుంచే ఇటు తిరిగుంటే సరిపోయేది కదరా" అంది. కువైట్ ఫ్లైటు అందింది లెండి.

పాత టికెట్ డబ్బు పూర్తిగా వాపసు వచ్చింది. అదీ ఏజెంటు ఖాతాలోకే! నెలరోజులు ఆయన కొట్టు చుట్టూ తిరిగాను.

విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ రూల్సు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఫ్లైటు రద్దయితే వేరే ఫ్లైటో, డబ్బు వాపసో ఇవ్వాలి. ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే ప్రయాణ సమయాన్ని బట్టి 5,000 నుంచి 10,000 రూపాయల వరకు పరిహారం, లేదా బేసిక్ ఛార్జీ ప్లస్ ఇంధన ఛార్జీ, ఏది తక్కువైతే అది. ఆ రూల్స్‌లోనే ఇంకో ముక్క ఉంది: బుకింగ్‌లో సరైన ఫోన్ నంబరు ఇవ్వనివాళ్ళకి ఆ పరిహారం ఉండదు. అంటే ఏజెంటు తన నంబరు కొట్టినప్పుడే మన నోరు కట్టేసినట్టు.

అందుకే ఇప్పుడు టికెట్ చేతికి రాగానే ఎయిర్‌లైన్ యాప్‌లో పీఎన్ఆర్ (టికెట్ మీదుండే బుకింగ్ నంబరు) కొట్టి నా నంబరు చేరుస్తాను. మార్చి చివర, అక్టోబరు చివర విమానాల షెడ్యూళ్ళు మారతాయి, ఆ తేదీలు దాటిన ప్రయాణానికి ముందే కొనుంటే వారానికోసారి చూసుకుంటాను. గల్ఫ్ ఫ్లైటుంటే మాత్రం పొద్దున్న విమానాన్ని నమ్మను. ముందురోజు రాత్రి రాజమండ్రిలో హైదరాబాద్ వెళ్ళే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కిస్తాను. రైలు రెండు గంటలు లేటైనా సాయంత్రం ఫ్లైటు అందుతుంది. మా బావ దీన్ని చాదస్తం అంటాడు, అననివ్వండి.

ఏజెంటు కూడా మారాడు. ఈమధ్య అక్క వచ్చే ముందు రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేసి నిద్ర లేపాడు, "టైము ఏం మారలేదండి" అని చెప్పడానికి.