డాలు పట్టే యోధుడి క్లాస్‌కి 'లెంక' అని పెట్టండి

కాకతీయుల కాలాన్ని పోలిన లోకంలో తెలుగులోనే టేబుల్‌టాప్ గేమ్ (బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా ఆడే కథ ఆట) రాసుకుంటున్నారు, అందులో డాలు అడ్డం పెట్టి పక్కవాడి దెబ్బ తను కాసే ఫైటర్ ఉన్నాడు, 'యోధుడు' అంటే చప్పగా ఉంది, 'మహావీర' అంటే సినిమా టైటిల్‌లా ఉంది. ఆ క్లాస్‌కి, అంటే ఆ రకం పాత్రకి, ఏం పేరు పెట్టాలి? ఇదే కదా మీ ప్రశ్న? నా ఓటు 'లెంక'కి.

హైదరాబాద్‌లో మా ఆదివారం బ్యాచ్ దాదాపు ఇలాంటి క్లాస్‌కే ఈ పేరు వాడుతోంది. కాకతీయుల శాసనాల్లో ఉన్న మాటే. లెంక అంటే జీతానికి వచ్చిన సిపాయి కాదు, ఏలికతో పాటు చావడానికైనా సిద్ధమని మాటిచ్చినవాడు. పేరు ఇలా కుదిరితే రూల్స్ కూడా దాన్నుంచే పుడతాయి. మా ఆటలో లెంక మొదటే ఒకరిని ఏలికగా ఎంచుకోవాలి, ఆ మనిషి పక్కనే ఉన్నంతసేపు వాళ్లకి తగిలే దెబ్బ తను తీసుకోవచ్చు, ఏలిక పడిపోతే మాత్రం డాలు అవతల పారేసి రెండు చేతులా కత్తి పట్టాల్సిందే, ఇక వెనక్కి తగ్గడం ఉండదు. మా లెంక ఎప్పుడూ మంత్రగత్తెనే ఏలికగా ఎంచుకుంటున్నాడని మా దొంగ పాత్రవాడు "నన్నూ ఏలికను చేసుకోరా, దోచిందాంట్లో సగం ఇస్తా" అని బేరం పెట్టాడు!

ఇంకో సుఖం, చివర 'డు' లేదు కాబట్టి ఆడ పాత్రకి వేరే పేరు వెతుక్కోనక్కర్లేదు. "లెంక వంతు" అని గబగబా అరవడానికీ బాగుంటుంది.

నాయక, దొర, ఒంటరి లాంటివి వద్దు. ఒకప్పుడు సైన్యంలో మాటలే అయినా ఇప్పుడవి కులాల పేర్లు, బిరుదులు అయిపోయాయి, టేబుల్ దగ్గర ఎవరో ఒకరు ముఖం మాడ్చుకుంటారు. లెంక ఇంటిపేరుగా ఉంది కానీ దాంతో మాకు ఏ గొడవా రాలేదు. గుర్రం మీద పోరాడే క్లాస్ కూడా ఉంటే 'రౌతు' అనండి, రౌతు కొద్దీ గుర్రం అని సామెత ఎలాగూ ఉంది, ఎవరికీ వివరించక్కర్లేదు.

'వీర', 'గండ' లాంటి హంగులు క్లాస్ పేరులో కాకుండా లెవెల్స్‌కి దాచుకోండి. ఇలాంటి ఆటే అయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో మొదట వచ్చినప్పుడు అందులో ఫైటర్ క్లాస్ పేరు ఉత్త 'ఫైటింగ్ మ్యాన్', 'హీరో' అనిపించుకోవాలంటే నాలుగో లెవెల్ రావాలి, 'సూపర్‌హీరో' ఎనిమిదిలో. మనకైతే బిరుదులకి కొదవేముంది? రుద్రమదేవికి 'రాయగజకేసరి' అని ఉండేది, అలాంటివి పై లెవెల్స్‌లో ఇస్తే ఆడేవాళ్లు వాటికోసం చచ్చీచెడీ ఆడతారు.

పాత్రకి కథ కావాలంటే నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం చూడండి, 1289 నాటిది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయాక, వాళ్ల పుణ్యం కోసం దానమిస్తూ కొలువులో ఉన్న పువ్వుల ముమ్మడి వేయించాడు. ఏలిక పోయాక బతికి మిగిలిన లెంక ఏం చేస్తాడు? నాకైతే అదే మొదటి లెవెల్ పాత్ర.

లెంక మరీ పాతగా అనిపిస్తే 'బంటు' పెట్టుకోవచ్చు, మంచి మాటే, కాకపోతే మీ గ్రూప్‌లో చదరంగం ఆడేవాడు ఒక్కడున్నా జోకులు ఆగవు.