ఫిజిక్స్ డిగ్రీకి ఐఐఎస్‌సీయా, ఐసరా, ఐఐటీయా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఫిజిక్స్‌లో పరిశోధన చేస్తానంటోంది. బెంగళూరు ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్), తిరుపతి ఐసర్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్), ఐఐటీలో ఇంజినీరింగ్ ఫిజిక్స్... వీటిలో ఏది మేలు?
- ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: పరిశోధనే ఖాయమనుకుంటే ఐఐఎస్‌సీ, తర్వాత ఐసర్. ఇంకా ఊగిసలాట ఉంటే ఇంజినీరింగ్ ఫిజిక్స్. అయితే తర్వాత కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ)కి మారిపోవచ్చులే అన్న లెక్కతో మాత్రం చేర్చకండి. కొన్ని ఐఐటీలు బ్రాంచి మార్పునే ఎత్తేశాయి.

ఐఐఎస్‌సీలో బీఎస్ రీసెర్చ్ నాలుగేళ్లు. కావాలంటే ఇంకో ఏడాది ఉండి ఎమ్మెస్సీ పట్టా తీసుకోవచ్చు. ఐసర్‌లో డిగ్రీ, పీజీ కలిపిన బీఎస్-ఎంఎస్ ఐదేళ్లు, ఆఖరి ఏడాది థీసిస్ పని. అమెరికాలో పీహెచ్‌డీకి నాలుగేళ్ల డిగ్రీతోనే దరఖాస్తు పెట్టొచ్చు. జర్మనీలో సాధారణంగా మాస్టర్స్ అడుగుతారు.

ఎంపీసీ పిల్లలు దెబ్బతినేది బయాలజీ దగ్గర. ఐసర్ ప్రవేశ పరీక్ష ఐఏటీలో మూడు గంటల్లో 60 ప్రశ్నలు: ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ ఒక్కోదానికి 15. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. అంటే 240లో 60 బయాలజీవే. జేఈఈ ధ్యాసలో పడి పదో తరగతి తర్వాత ఆ పుస్తకమే ముట్టనివాళ్లు వాటిని చేజేతులా వదిలేస్తారు. ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల పుస్తకాల్లో కణం, జన్యుశాస్త్రం, మానవ శరీరధర్మ శాస్త్రం అధ్యాయాలు ఇప్పటినుంచే రోజుకు అరగంట చదివించండి. నాలుగు ఆప్షన్లలో రెండు తప్పని తేల్చగలిగితే మిగతా రెంటిలో ఒకటి పెట్టడమే లాభం. సగటున ప్రశ్నకు ఒకటిన్నర మార్కు కలిసొస్తుంది. సీటు వచ్చాక కూడా బయాలజీ వదలదు. ఐఐఎస్‌సీ, ఐసర్ రెండు చోట్లా మొదటి ఏడాది అందరూ చదవాల్సిందే, ఆ గ్రేడూ లెక్కలోకి వస్తుంది.

ఐఐఎస్‌సీ సొంత పరీక్ష పెట్టదు. జేఈఈ మెయిన్, అడ్వాన్స్‌డ్, ఐఏటీ ర్యాంకుల్లో దేనితోనైనా ప్రయత్నించవచ్చు, కానీ దాని దరఖాస్తు విడిగా నింపాలి. ఐఏటీ రాశాం కదా, వాళ్లే పిలుస్తారని కూర్చుంటే ఆ ఏడాది పోయినట్టే.

ఐసర్ కౌన్సెలింగ్‌లో ఏడు క్యాంపస్‌లను వరుసగా ఎంచుకోమంటారు. పుణె, కోల్‌కతా 2006లో మొదలైనవి, తిరుపతి 2015లో. ఇంటికి దగ్గరని తిరుపతి ముందు పెట్టడంలో తప్పు లేదు గానీ, ముందు ఒక్కో క్యాంపస్ ఫిజిక్స్ విభాగంలో ప్రయోగాలు చేసే అధ్యాపకులెందరో, సిద్ధాంతం వైపు ఎందరో వెబ్‌సైట్‌లో లెక్కపెట్టి చూడండి. అమ్మాయికి నచ్చిన రంగంలో ఒక్కరే ఉంటే థీసిస్ వేళకు ఇబ్బంది.

ఇంకో సంగతి, ల్యాబ్. మన ఇంటర్ ప్రాక్టికల్స్ చాలాచోట్ల రికార్డు నింపడంతోనే సరి. వేసవిలో దారానికి బోల్టు కట్టి లోలకం చేయమనండి. అయిదు వేర్వేరు పొడవులకు 20 డోలనాల కాలం కొలిచి, పొడవుకూ ఆవర్తన కాలం వర్గానికీ గ్రాఫ్ గీసి, వాలు నుంచి గురుత్వ త్వరణం లెక్కకట్టాలి. 9.8 రాకపోతే తేడా ఎక్కడొచ్చిందో వెతకాలి: పొడవును బోల్టు మధ్యభాగం దాకా కొలిచిందా, మరీ వెడల్పుగా ఊపిందా, స్టాప్‌వాచ్ ఆలస్యంగా నొక్కిందా? మొదటి సెమిస్టర్ ల్యాబ్‌లో అడిగేవి ఇలాంటివే.