‘వద్దు’ అని ముందే చెప్పకపోతే మరో రెండేళ్లు కట్టాల్సిందేనా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. బాయిల్డ్ రైస్ మిల్లు ఉంది. కలర్ సార్టర్ మిషన్‌కు (రంగు మారిన బియ్యం గింజల్ని ఏరేసేది) వేరే రాష్ట్రం కంపెనీతో రెండేళ్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టు రాసుకున్నాం. ఏడాదికి 1,40,000 రూపాయలు, జీఎస్టీ అదనం. టెక్నీషియన్ ఏడాదికి నాలుగుసార్లు రావాలి. పోయిన జూలై తర్వాత ఒక్కసారి కూడా రాలేదు. జనవరి 9తో గడువు అయిపోయింది. డిసెంబరు మొదట్లోనే టెక్నీషియన్‌కు ‘ఇక మాకు వద్దు, వేరేవాళ్లను చూసుకుంటున్నాం’ అని వాట్సాప్ పెట్టాను. జనవరి చివర్లో 10 శాతం పెంచి బిల్లు పంపారు. ఇదేంటని అడిగితే ‘గడువుకు కనీసం 60 రోజుల ముందు రాతపూర్వకంగా వద్దని చెప్పకపోతే కాంట్రాక్టు అంతే కాలానికి దానంతట అదే రెన్యువల్ అవుతుంది’ అన్న క్లాజు చూపించారు. రెండేళ్ల డబ్బూ కట్టాలట. లేదంటే సెక్యూరిటీగా ఇచ్చిన ఖాళీ చెక్కు బ్యాంకులో వేస్తారట. కాంట్రాక్టు ఇంగ్లిషులో ఉంది, నేను చదవకుండానే సంతకం పెట్టాను. వినియోగదారుల కోర్టుకు పోవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు చేదు మాట చెప్పేస్తాను. ఆ క్లాజు ప్రకారం మీ కాంట్రాక్టు రెన్యువల్ అయింది. అయితే రెన్యువల్ అయినంత మాత్రాన రెండేళ్ల డబ్బు మొత్తం వసూలు చేసుకునే హక్కు కంపెనీకి రాదు. మీరు నిలబడాల్సింది ఈ రెండో మాట మీదే.

జనవరి 9కి 60 రోజుల ముందంటే నవంబరు 10. సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం వడ్లు మిల్లులకు దిగేది అప్పుడే. గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నప్పుడు బీరువాలోంచి కాంట్రాక్టు తీసి చూసేదెవరు? కంపెనీవాళ్లు కావాలనే అలా పెట్టారని అనను. కానీ సంక్రాంతి ముందర సంతకమైన ప్రతి కాంట్రాక్టుకూ ఈ నోటీసు తేదీ సీజను నడుమ వచ్చి పడుతుంది. మీ వాట్సాప్ డిసెంబరులో వెళ్లింది కాబట్టి రోజులు దాటిపోయాయి. పైగా అది టెక్నీషియన్‌కు వెళ్లింది. కాంట్రాక్టుల్లో నోటీసు ఏ అడ్రసుకు, ఎలా పంపాలో విడిగా ఒక క్లాజు ఉంటుంది, మీ దాంట్లో ఏముందో చూడండి. అయినా ఆ మెసేజ్ డిలీట్ చేయకండి. దానితో మరో పని ఉంది, కింద చెబుతాను. ఈ సందర్భంలోనే ఒక మాట: అక్టోబరు తేదీ వేసి ఇప్పుడు ఉత్తరం పుట్టించమని సలహా ఇచ్చేవాళ్లు మీ చుట్టూ ఉంటారు. ఆ పని చేస్తే డబ్బు తగాదా కాస్తా దొంగ సాక్ష్యం పుట్టించిన క్రిమినల్ కేసు కావచ్చు.

‘ఇంగ్లిషులో ఉంది, చదవలేదు’ అన్న వాదన కోర్టులో నిలవడం కష్టం. మోసం చేసి, లేదా అబద్ధం చెప్పి సంతకం పెట్టించుకున్నారని చూపగలిగితే వేరు. లేకపోతే చదివినా చదవకపోయినా సంతకం సంతకమే. క్లాజు ఏకపక్షంగా ఉందని కొట్టేయించడం కూడా మీలాంటివాళ్లకు సులభం కాదు. బలవంతుడు బలహీనుడి మీద రుద్దిన అన్యాయమైన షరతు చెల్లదని 1986లో బ్రజోనాథ్ గంగూలీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరూ వ్యాపారులై, అది వ్యాపార లావాదేవీ అయితే ఈ సూత్రం వర్తించకపోవచ్చని కూడా అదే తీర్పులో ఉంది. మిల్లు యజమానిని కోర్టు అమాయకుడిగా చూడదు.

వినియోగదారుల కమిషన్ విషయమూ దాదాపు అంతే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ‘వాణిజ్య ప్రయోజనం’ కోసం తీసుకున్న సేవలను పక్కన పెట్టింది. పొట్ట పోసుకోవడానికి స్వయంగా చేసుకునే పని కోసం కొన్న వస్తువులకైతే మినహాయింపు ఉంది. దేవరకొండలో ఒక్కడే కూర్చుని జిరాక్స్ సెంటర్ నడుపుకునే మనిషి ఆ మినహాయింపు అడగొచ్చు. హమాలీలు, గుమస్తాలు, బాయిలరు ఉన్న మిల్లు అడిగితే మొదటి వాయిదాలోనే అభ్యంతరం వస్తుంది. నల్లగొండ కమిషన్‌లో ఫిర్యాదు వేసి, అర్హత మీదే నెలల తరబడి వాదించుకోవడం దండగ.

ఇప్పుడు డబ్బు సంగతి. మీరు కాంట్రాక్టు మధ్యలో మానుకుంటే, మిమ్మల్ని బలవంతంగా కొనసాగించమని కోర్టు సాధారణంగా ఆదేశించదు. కంపెనీ అడగగలిగేది నష్టపరిహారమే. 1872 కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం నిజంగా జరిగిన నష్టం ఎంతో చూపాలి. ఆ నష్టాన్ని తగ్గించుకునే అవకాశం వాళ్లకు ఉందా లేదా అన్నదీ లెక్కలోకి వస్తుంది. టెక్నీషియన్ రానప్పుడు అతని ప్రయాణ ఖర్చు లేదు, విడిభాగాల ఖర్చు లేదు, ఆ రోజు అతన్ని ఇంకో మిల్లుకు పంపుకోవచ్చు. ‘మధ్యలో మానితే మిగతా కాలం డబ్బంతా కట్టాలి’ అని కాంట్రాక్టులో రాసి ఉన్నా 74వ సెక్షన్ అడ్డు వస్తుంది. రాసుకున్న మొత్తం పైహద్దు మాత్రమే, కోర్టు ఇప్పించేది సమంజసమైనంత వరకే. అసలు నష్టమే లేకపోతే పరిహారం లేదని 2015లో కైలాస్‌నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కంపెనీ అడుగుతున్నది పెంచిన రేటు మీద రెండేళ్లకు 3,08,000, ఆపైన జీఎస్టీ. సర్వీసు చేయకుండానే ఇంత నష్టమొచ్చిందని వాళ్లు రుజువు చేయాలి. మీ డిసెంబరు వాట్సాప్ పనికొచ్చేది ఇక్కడే. రెన్యువల్‌కు నెల ముందే మీకు వద్దని వాళ్ల మనిషికి తెలుసు, కాబట్టి మీకోసం మనుషుల్ని కేటాయించి నష్టపోయామని చెప్పడం వాళ్లకు కష్టమవుతుంది.

మీ దగ్గర ఇంతకంటే బలమైనది ఇంకోటుంది. జూలై తర్వాత టెక్నీషియన్ రాకపోవడం కంపెనీ తప్పు. గేటు రిజిస్టరు, సర్వీసు రిపోర్టు పుస్తకం, మీరు ఫోన్ చేసి పిలిచిన రికార్డు, ఈలోగా బయటివాళ్లతో రిపేరు చేయించుకున్న బిల్లులు అన్నీ ఒకచోట పెట్టండి. టెర్మినేషన్ క్లాజు (కాంట్రాక్టును మధ్యలో ఎలా రద్దు చేసుకోవచ్చో చెప్పేది) కూడా చదివించుకోండి. చాలా కాంట్రాక్టుల్లో ‘ఎవరైనా 30 రోజుల నోటీసుతో రద్దు చేసుకోవచ్చు’ అనో, ‘ఎదుటివాడు తప్పు సరిదిద్దుకోకపోతే రద్దు’ అనో ఉంటుంది. మొదటిది ఉంటే మీ సమస్య దాదాపు తీరినట్టే. అందరూ రెన్యువల్ క్లాజు దగ్గరే ఆగిపోయి ఆ పక్క పేజీ తిప్పరు.

ఈ వారంలోనే నోటీసు పంపండి. కాంట్రాక్టులో ఉన్న అడ్రసుకు అక్నాలెడ్జ్‌మెంట్‌తో పోస్టు చేయండి, అదే కంపెనీ ఈమెయిల్‌కూ పెట్టండి. పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. సారాంశం ఇలా ఉంటే చాలు: ‘జూలై నుంచి మీరు ఒప్పుకున్న సర్వీసు విజిట్లు చేయలేదు. మేము సేవలు కోరడం లేదని డిసెంబరులోనే తెలిపాం. రెన్యువల్ అయిందన్న మీ వాదనను ఒప్పుకోవడం లేదు. అయిందనుకున్నా, మీ వైఫల్యం కారణంగా ఈ నోటీసుతో కాంట్రాక్టును రద్దు చేస్తున్నాం. సేవలు చేయవద్దు, బిల్లులు పంపవద్దు. మా చెక్కు తిరిగి ఇవ్వండి. మా హక్కులన్నీ మాకు ఉంటాయి.’ ఇందులో ‘అయిందనుకున్నా’ అన్న ముక్క తీసేయకండి. రెన్యువల్ కాలేదన్న వాదన ఓడిపోయినా రద్దు వాదన మిగులుతుంది. పోస్టు రసీదు, ట్రాకింగ్ ప్రింటు నోటీసు కాపీకి పిన్ను చేసి పెట్టండి. ఈమెయిల్, వాట్సాప్‌లను రేపు సాక్ష్యంగా చూపాలంటే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. కాబట్టి ఆ ఫోను మార్చినా పారేయకండి.

నోటీసు పంపినా, ఆఫీసులో జరిగే చిన్న పనుల వల్ల కేసు పాడవుతుంది. మీ లెక్కలు చూసే అబ్బాయిని కూర్చోబెట్టి ఇది చెప్పండి. కంపెనీ వేసిన బిల్లు జీఎస్టీ పోర్టల్‌లో ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో కనబడుతుంది. అక్కడ కూడా ఏమీ చేయకుండా వదిలేస్తే ఒప్పుకున్నట్టే లెక్క. దాన్ని తిరస్కరించాలి, దాని మీద ఇన్‌పుట్ క్రెడిట్ (ఆ బిల్లులోని జీఎస్టీని మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకోకూడదు. టీడీఎస్ కోసి కట్టకూడదు, పుస్తకాల్లో బాకీగా రాయకూడదు. ఒకవైపు కాంట్రాక్టు లేదంటూ ఇంకోవైపు దాని మీద పన్ను లాభం తీసుకుంటే, ఎదుటి లాయరు ముందుగా బయటపెట్టే కాగితం అదే. గేటు దగ్గర కూడా చెప్పి ఉంచండి. బిల్లు పంపాక కొన్ని కంపెనీలు ఉన్నట్టుండి టెక్నీషియన్‌ను పంపిస్తాయి. అతను మిషన్ తుడిచి, గుమస్తాతో రిపోర్టు మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాడు. ఆ సంతకంతో సేవ అందుకున్నట్టు అవుతుంది.

చెక్కు గురించి భయపడండి, కానీ సరైన భయం. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద చెక్కు బౌన్సు కేసు నిలవాలంటే, చెక్కు వేసిన రోజుకు చట్టప్రకారం వసూలు చేయదగ్గ బాకీ ఉండాలి. రద్దయిన ఆర్డరుకు ముందస్తుగా ఇచ్చిన చెక్కు అలాంటి బాకీ కిందకు రాదని 2014లో ఇండస్ ఎయిర్‌వేస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే రద్దు నోటీసు చెక్కు కంటే ముందు వెళ్లాలి. అదే రోజు బ్యాంకుకు కారణం రాసి స్టాప్ పేమెంట్ (ఆ చెక్కుకు డబ్బు చెల్లించవద్దన్న ఆదేశం) ఇవ్వండి. ఖాతాలో ఆ మేరకు డబ్బు మాత్రం తగ్గకుండా ఉంచండి. డబ్బుండి కూడా సరైన కారణంతోనే ఆపానని చూపగలిగితే నిందితుడికి రక్షణ ఉంటుందని 2001 నాటి ఎంఎంటీసీ కేసు తీర్పు. చెక్కు తిరిగొచ్చాక వాళ్ల నుంచి నోటీసు వస్తే, అందుకున్న 15 రోజుల్లో జవాబు పోవాలి. ‘తర్వాత చూద్దాం’ అని బల్ల సొరుగులో పెట్టేది ఆ ఒక్క కాగితం మాత్రం కాకూడదు.

వాళ్ల ఊళ్లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి దగ్గర తీర్పు) అని కూడా కాంట్రాక్టులో ఉండొచ్చు. ‘మా మేనేజింగ్ డైరెక్టర్ నియమించినవారే ఆర్బిట్రేటర్’ అని ఉంటే, తగాదాలో ఉన్నవాళ్లే ఒంటరిగా తీర్పరిని నియమించడం చెల్లదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో తేలింది. ఆ అభ్యంతరం రాతలో చెప్పండి. నోటీసుకు జవాబివ్వకుండా ఇంట్లో కూర్చుంటే మాత్రం మీరు లేకుండానే అవార్డు, అంటే ఆర్బిట్రేటర్ తీర్పు, రావచ్చు, దాన్ని కొట్టేయించడానికి ఉండేది మూడు నెలలు, సరైన కారణం చూపితే మరో 30 రోజులు.

నా అంచనా అడిగితే, నోటీసు సరిగ్గా వెళ్లాక ఇది కూర్చుని మాట్లాడుకునే స్థితికి వస్తుంది. రెండు మూడు నెలల చార్జీ దగ్గర తెగితే, చెక్కు చేతికి తీసుకుని, ‘ఇక ఎవరికీ ఎవరూ బాకీ లేరు’ అని రాయించుకుని ముగించుకోండి. పంతానికి పోతే వకీలు ఫీజు అంతకంటే ఎక్కువవుతుంది, ఈ మాట చెప్పడం నాకు నష్టమే అయినా.

కొత్త కంపెనీతో ఇంకా సంతకం చేయలేదంటే ఒక పని చేయండి. రెన్యువల్ క్లాజును కొట్టేయించి ‘ఇద్దరూ రాసుకుంటేనే పొడిగింపు’ అని పెట్టించండి. ఒప్పుకోకపోతే, పొడిగింపు ఏడాదికి మించకుండా, పొడిగించాక 30 రోజుల నోటీసుతో మానుకునేలా రాయించండి. దానికీ ఒప్పుకోకపోతే ఇంకో దారి ఉంది. క్లాజులో ‘కనీసం 60 రోజుల ముందు’ అని మాత్రమే ఉంటే, సంతకమైన మర్నాడే ‘గడువు తర్వాత మాకు ఆటోమేటిక్ రెన్యువల్ వద్దు’ అని నోటీసు పంపేయొచ్చు. కనీసం అన్నారు గానీ, మరీ ముందు పంపకూడదని అనలేదు కదా. సేవ నచ్చితే గడువు దగ్గర పడ్డాక మళ్లీ రాసుకోవచ్చు. కొన్ని కాంట్రాక్టుల్లో ‘90 రోజులకు ముందు కాదు, 60 రోజుల తర్వాత కాదు’ అని కిటికీలాగా పెడతారు. అలాంటప్పుడు ఈ చిట్కా పనిచేయదు, ఆ నెల రోజుల్లోనే పంపాలి. పంపడం కాకుండా ‘అందడం’ లెక్క అని ఉంటే పోస్టు ప్రయాణానికి పది రోజులు కలుపుకోండి.

సార్టర్ ఒక్కటే కాదు, మీ మిల్లులో జనరేటరు, వేబ్రిడ్జి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, సీసీ కెమెరాల కాంట్రాక్టులు కూడా ఉండే ఉంటాయి. అన్నీ దసరా లోపు ఒకసారి బయటకు తీయించి, గడువు తేదీ కాకుండా నోటీసు తేదీని క్యాలెండరులో రాయించండి. సాఫ్ట్‌వేర్ డబ్బులు బ్యాంకు మ్యాండేట్ (ఖాతాలోంచి దానంతట అదే డబ్బు కట్ అయ్యేలా ముందే ఇచ్చిన అనుమతి) ద్వారా కట్ అవుతుంటే, కాంట్రాక్టు రద్దు చేసే ముందే మ్యాండేట్ ఆపకండి. అది తిరిగొస్తే పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద చెక్కు బౌన్సు లాంటి కేసే పెట్టొచ్చు. ముందు రద్దు నోటీసు, తర్వాత బ్యాంకు.