హంతకుణ్ణి వదిలెయ్, డబ్బు ఎక్కడ పెట్టారో చూడు

చిన్నీ,

నీ మెసేజ్ చూశాను. నలుగురు ఫ్రెండ్స్, ఒక కెమెరా, ఎవరిదో పాత ఇల్లు, చేతిలో డబ్బు మాత్రం లేదు, అయినా హత్య కథే తీస్తామంటున్నారు. తియ్యండి. కానీ స్క్రిప్టు మొదలుపెట్టే ముందు 1933లో హాలీవుడ్‌లో వచ్చిన 'ది వాంపైర్ బ్యాట్' పూర్తిగా చూడు. గంట దాటి కొంచెం ఉంటుంది, అంతే. మొదట్లోనే బోరు కొట్టి ఆపేశావని మీ అమ్మ చెప్పింది. మళ్ళీ పెట్టు.

ఈసారి హంతకుడెవరా అని చూడకు. నేనే చెప్పేస్తున్నా, డాక్టరు. ఆ వేషం లయొనెల్ ఆట్‌విల్ వేశాడు, ఆయన మొహం చూస్తేనే సగం తెలిసిపోతుంది. నువ్వు చూడాల్సింది డబ్బు ఎక్కడ పెట్టారు, ఎక్కడ మిగుల్చుకున్నారు అని.

దీన్ని తీసిన మెజెస్టిక్ చాలా చిన్న కంపెనీ. హాలీవుడ్‌లో గోవర్ స్ట్రీట్ చుట్టుపక్కల ఇలాంటి బక్క కంపెనీలు చాలా ఉండేవి, అందరినీ కలిపి 'పావర్టీ రో', అంటే పేదల వీధి, అని వెక్కిరించేవాళ్ళు. అవి ఆర్థిక మాంద్యం రోజులు, ఒకే టికెట్టు మీద రెండు సినిమాలు చూపించి జనాన్ని హాలుకి రప్పించుకుంటున్నారు, మరి ఆ రెండో సినిమాని ఎవరో ఒకరు చవగ్గా, తొందరగా తీసివ్వాలి కదా, వీళ్ళ బతుకంతా అదే.

ఇప్పుడు సినిమాలో కథ జరిగే ఊరి వీధులు చూడు. అవి మెజెస్టిక్ వాళ్ళు కట్టించినవి కావు, యూనివర్సల్ వాళ్ళు తమ 'ఫ్రాంకెన్‌స్టైన్' కోసం వాడిన ఊరి సెట్టు. డాక్టరు ఇంటి లోపలి భాగం 1932 నాటి 'ది ఓల్డ్ డార్క్ హౌస్' ది. అద్దెకు తీసుకుని, రాత్రిళ్ళు షూటింగ్ చేసుకున్నారు. ఊరి పెద్దగా కనిపించే లయొనెల్ బెల్మోర్ ఫ్రాంకెన్‌స్టైన్‌లో కూడా ఊరి పెద్దే! సెట్టుతో పాటు ఆయన్నీ అద్దెకి తెచ్చారా అనిపిస్తుంది నాకు.

మిగిలిన డబ్బు మొహాల మీద పెట్టారు. ఇక్కడ ఆగి ఆలోచించు. ఆట్‌విల్, హీరోయిన్ ఫే రే కలిసి అప్పటికే 1932లో వార్నర్ వాళ్ళ 'డాక్టర్ ఎక్స్' చేశారు, అదే జంటతో వార్నర్ వాళ్ళదే ఇంకో పెద్ద సినిమా, మైనపు బొమ్మల మ్యూజియం కథ, 1933 ఫిబ్రవరిలో రాబోతోంది. మెజెస్టిక్ వాళ్ళు ఆ ఇద్దరినే పెట్టి జనవరిలోనే తమది వదిలేశారు. పెద్దవాళ్ళ పబ్లిసిటీ వీళ్ళకి ఉచితం. మార్చిలో 'కింగ్ కాంగ్' వచ్చాక ఫే రే పేరు ఎక్కడికో వెళ్ళిపోయిందనుకో. గబ్బిలాల్ని పెంచే పిచ్చి హర్మన్‌గా డ్వైట్ ఫ్రై, అప్పటికే 'డ్రాక్యులా'లో పిచ్చివాడు, ఫ్రాంకెన్‌స్టైన్‌లో గూనివాడు. తెర మీదికి రాగానే జనం వీడే అనుకుంటారు, అనుమానం పుట్టించడానికి ఒక్క సీను కూడా ఖర్చు పెట్టక్కర్లేదు. నీకు అలాంటి నటులు దొరకరు, కానీ మీ నలుగురిలో ఎవరిని చూస్తే అందరికీ అనుమానం వస్తుందో వాణ్ణి అమాయకుడి వేషానికి తీసుకో.

ఊరి జనం కాగడాలు పట్టుకుని హర్మన్‌ని తరిమే సీను రెండుసార్లు చూడు. చీకటి, మంటలు, కుక్కలు, పరిగెత్తే మనుషులు. చీకట్లో ఎంతమంది ఉన్నారో నువ్వు లెక్కపెట్టలేవు, అదే కిటుకు. ఆ సీనులో కనిపించే గుహలు హాలీవుడ్ కొండల్లో ఉన్న బ్రాన్సన్ కాన్యన్‌లోవి, ఒకప్పటి రాళ్ళ క్వారీ. (1966 నాటి బ్యాట్‌మాన్ సీరియల్‌లో కారు బయటికొచ్చే గుహ కూడా అదే, గబ్బిలాలకీ ఆ చోటుకీ ఏదో రుణం ఉన్నట్టుంది.) అప్పట్లో ఈ సీనులో కాగడా మంటలకి మాత్రం గుస్తావ్ బ్రాక్ అనే ఆయన చేత్తో రంగు వేశాడు. సినిమా అంతా నలుపు తెలుపు, మంట ఒక్కటే రంగు. ఖర్చు పెట్టాలంటే ఇలా ఒక్కచోట పెట్టాలి.

అందుకే కాపీ చూసుకుని ఎంచుకో. కాపీరైట్ లేని సినిమా కాబట్టి ఎవడు పడితే వాడు అరిగిపోయిన ప్రింటు పెట్టేశాడు, నువ్వు చూసింది కచ్చితంగా అలాంటిదే అయ్యుంటుంది, సగం డైలాగులు గరగరలో పోయుంటాయి. 2017లో బాగుచేసి విడుదల చేసిన కాపీ చూడు, రంగు మంటలు అందులో ఉన్నాయి.

నేర్చుకోకూడనివి కూడా ఉన్నాయి. డాక్టరు ఎందుకు చంపుతున్నాడో చివరి పది నిమిషాల్లో కుమ్మరించేస్తారు. దూరాన్నుంచి మనసుతో మనిషిని ఆడించి రక్తం తెప్పిస్తాడట, దాంతో ప్రాణం తయారుచేస్తాడట. ఆ ప్రాణం చూస్తే నీళ్ళలో నానేసిన స్పాంజి ముక్క. ముందుగా ఒక్క ఆధారమైనా మన కంటపడేలా పెట్టి ఉంటే క్షమించేవాణ్ణి. హత్య కథలో ఇది చీటింగ్. నువ్వు మాత్రం చివరి సీను ముందు రాసుకుని వెనక్కి రా. ఇక గస్సీ అత్త కామెడీ, లేని రోగాలు చెప్పుకునే ఆవిడ, ఆఖరికి సినిమా ముగిసేది కూడా ఆవిడ విరేచనాల మందు జోకుతోనే. భయం పుట్టిన ప్రతిచోటా ఈవిడ వచ్చి గాలి తీసేస్తుంది. మీ గ్యాంగులో జోకులేసే వాడికి ఒక్క సీను చాలు, బతిమాలినా రెండోది ఇవ్వకు.

టైముంటే 1932లో మోనోగ్రామ్ అనే ఇంకో చిన్న కంపెనీ తీసిన 'ది థర్టీన్త్ గెస్ట్' కూడా చూడు, ఇంకా పెద్ద స్టార్ కాని జింజర్ రోజర్స్ ఉంటుంది. ఒక పాడుబడ్డ ఇల్లు, ఒక డిన్నర్ టేబులు, కథంతా వాటి చుట్టూనే. మీకున్నదీ ఇల్లే కాబట్టి నీకు ఇదే ఎక్కువ పనికొస్తుందేమో.

స్క్రిప్టు రాశాక పీడీఎఫ్ చేసి పంపు. నోటుబుక్కుని ఫోన్లో ఫోటోలు తీసి పంపితే మాత్రం చదవను, నా కళ్ళ సంగతి నీకు తెలుసు.

మీ మామయ్య