ఎల్ గ్రెకో ఊరు ఫోడెలె: క్రీట్ వెళ్తే చూడదగ్గదేనా?

తప్పకుండా వెళ్లండి, కానీ చిత్రకారుడు ఎల్ గ్రెకో గీసిన అసలు చిత్రాల కోసం కాదు. ఫోడెలె, గ్రీసులోని క్రీట్ ద్వీపంలో హెరాక్లియోన్ నగరానికి పడమరగా కారులో అరగంట దూరంలో ఉన్న చిన్న పల్లె. లోయ నిండా నారింజ తోటలే. 1541లో ఎల్ గ్రెకో, అంటే డొమెనికోస్ థియోటోకోపులోస్, ఇక్కడే పుట్టారని ఊరివాళ్ల గట్టి నమ్మకం. చరిత్రకారుల్లో ఎక్కువమంది మాత్రం కాండియాలో, అంటే నేటి హెరాక్లియోన్‌లో పుట్టారంటారు.

ఆయన ఇల్లని చూపించే రాతి కట్టడం ఇప్పుడు మ్యూజియం. అక్కడ పెట్టిన చిత్రాలు నకళ్లే. నాకైతే దగ్గర్లోని బైజాంటైన్ (మధ్యయుగాల తూర్పు రోమన్ సామ్రాజ్య శైలి) చర్చే ముఖ్యం. అంతకంటే పాత బాసిలికా (పెద్ద చర్చి) శిథిలాల మీద కట్టిన గుమ్మటం, లోపల వెలిసిపోయిన కుడ్యచిత్రాలు. ఎల్ గ్రెకో మొదట నేర్చిన విద్య ఈ సంప్రదాయంలోదే. స్పెయిన్‌లోని టొలెడోలో స్థిరపడ్డాక కూడా ఆయన సంతకం గ్రీకు అక్షరాల్లోనే చేసేవారు. కొన్ని చిత్రాల మీద పేరు పక్కన 'క్రీట్ వాడు' అని కూడా రాసుకున్నారు.

అసలువి చూడాలంటే హెరాక్లియోన్‌లోని క్రీట్ చారిత్రక మ్యూజియంలో రెండున్నాయి: సినాయ్ కొండ, క్రీస్తు బాప్తిస్మం. రెండూ చిన్న సైజువే, దగ్గరగా నిలబడి చూడాలి. ఫోడెలెకి అద్దె కారులో వెళ్తే టెన్షన్ ఉండదు. మ్యూజియం వేళలు మాత్రం ముందే కనుక్కోండి.