సబ్సిడీ పోయింది, కౌలు తగ్గలేదు: పశుపోషకుడికి చట్టంలో దారి ఉందా?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని డెవన్‌లో ఉంటున్నాం. నా భార్య పుట్టింటివారిది తరతరాలుగా మాంసం కోసం పశువులు పెంచే కుటుంబం. మా మామగారి పేరున ఉన్న 250 ఎకరాల కౌలు కమతాన్ని ఇప్పుడు మేమిద్దరం చూసుకుంటున్నాం. 80 ఆవులున్నాయి. 2016 సెప్టెంబరు 29 నుంచి 15 ఏళ్ల ఒప్పందం. కౌలు ఏడాదికి 20,000 పౌండ్లు. చివరిసారి 2022లో ఖరారైంది. ఒకప్పుడు 24,000 పౌండ్లు వచ్చిన సబ్సిడీ ఇప్పుడు దాదాపు లేనట్టే. కౌలు తగ్గించమని అడిగితే, ‘ఎప్పుడు సవరించినా పాత మొత్తం కంటే తగ్గరాదు’ అని ఒప్పందంలో ఉన్న షరతును భూయజమాని చూపిస్తున్నారు. పైగా మిగిలిన సబ్సిడీలో వాటా అడుగుతున్నారు. మేమేం చేయాలి?

జవాబు: ఆ షరతు చూసి మీరు వెనక్కి తగ్గనక్కరలేదు. మీ ఒప్పందానికి వర్తించేది 1995 నాటి వ్యవసాయ కౌలుదారీ చట్టం. కాలపరిమితిలో కౌలు అసలు సవరించకూడదని ఇరుపక్షాలూ స్పష్టంగా రాసుకుంటే ఆ చట్టం 9వ సెక్షన్ దాన్ని ఒప్పుకుంటుంది. ఏదైనా లెక్క ప్రకారం మారుతుందని రాసుకున్నా ఒప్పుకుంటుంది, కానీ ఆ లెక్క తగ్గుదలకు అడ్డు కాకూడదు. ‘పెరగవచ్చు గాని తగ్గరాదు’ అన్న షరతు మాత్రం ఈ రెండింటిలో దేనికిందికీ రాదు. అందువల్ల చట్టప్రకారం సవరణ కోరే హక్కు మీ మామగారికి అలాగే ఉంది.

ఇక మీ బాధ అసలు ఎక్కడ మొదలైందో చెప్పాలి. రేపు కౌలు ఎంతో తేల్చే మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) ముందు మీ వాదనకు అదే పునాది. 2004 వరకు బ్రిటన్‌లో సబ్సిడీ పశువును బట్టి వచ్చేది. పాలిచ్చే తల్లి ఆవుకు ఇంత, కోడెకు ఇంత, కబేళాకు పంపితే ఇంత అని లెక్క. 2005లో అది పశువును వదిలి భూమిని పట్టుకుంది. 2015లో పథకం పేరు మారినా పద్ధతి అదే. ఎకరానికి ఇంత వస్తుందని అందరికీ తెలిశాక కౌలు బేరంలో ఆ డబ్బు కలిసిపోకుండా ఎలా ఉంటుంది?

నా దగ్గరకు వచ్చిన ఒక పశుపోషకుడు తన లెక్కల పుస్తకం తెచ్చి బల్ల మీద తెరిచారు. ఏటా సబ్సిడీ అంకె కింద ఆయన ఎర్ర పెన్సిలుతో గీత గీసుకున్నారు. దాని కింది వరుసలో కౌలు. పదేళ్ల పాటు ఆ రెండు అంకెలకూ పెద్ద తేడా లేదు. సర్కారు ఇచ్చిన సొమ్ము ఆయన చేతుల మీదుగా భూయజమానికి చేరిందన్నమాట. దాణా, పశువైద్యుడు, డీజిల్ ఖర్చులు పోను పశువుల మీద మిగిలింది చాలా ఏళ్లు సున్నా, కొన్నేళ్లు నష్టం. మాంసపు పశువులు పెంచే ఇళ్లలో ఈ లెక్క నాకు మళ్లీ మళ్లీ కనబడుతుంది. అందుకే సబ్సిడీ కోత ధాన్యం పండించేవారి కంటే వీరినే ఎక్కువ దెబ్బతీసింది.

2020 వ్యవసాయ చట్టంతో ఇంగ్లండ్‌లో నేరుగా ఇచ్చే చెల్లింపులను 2021 నుంచి 2027 దాకా దశలవారీగా ఎత్తివేయాలని నిర్ణయించారు. మీ 24,000 పౌండ్ల మీద లెక్క చూడండి. 2021లో 22,800. మరుసటి ఏడు 19,200. 2023లో 15,600. 2024లో సగం, 12,000. ఇక్కడిదాకా కుటుంబాలు ఎలాగో సర్దుకున్నాయి. 2024 అక్టోబరు బడ్జెట్ ఆ వేగాన్ని ఒక్కసారిగా పెంచింది: 2025లో 5,760. 2026కి 480. మీ 20,000 కౌలు మాత్రం కదలలేదు. మీరు పడుతున్న ఆందోళన న్యాయమైనదే.

అయితే సబ్సిడీ తగ్గింది కాబట్టి కౌలు దానంతట అదే తగ్గాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. ఇష్టపడి ఇచ్చే యజమాని, ఇష్టపడి తీసుకునే కౌలుదారు బహిరంగ మార్కెట్లో ఎంతకు ఒప్పుకుంటారో మధ్యవర్తి నిర్ణయిస్తారు. ఆయన తగ్గించవచ్చు, అలాగే ఉంచవచ్చు, పెంచనూవచ్చు. ఇది బాగా ఆలోచించుకోండి. 2025లో బ్రిటన్‌లో పశువుల ధర మునుపెన్నడూ లేనంత పెరిగింది. అవతలి పక్షం మొదట చూపేది అదే. దానికి జవాబుగా మీ అయిదేళ్ల లెక్కలు, చుట్టుపక్కల ఇటీవల కుదిరిన కౌళ్ల వివరాలు ఇప్పటి నుంచే సేకరించండి. మీ సొంత ఖర్చుతో, యజమాని అనుమతితో కట్టిన పాకలూ వేసిన కంచెలూ ఉంటే వాటి రసీదులు జాగ్రత్త. సాధారణంగా ఆ మెరుగుదలల వల్ల పెరిగిన విలువను కౌలులో కలపరాదు.

తేదీల దగ్గర పొరబడితే మాత్రం హక్కు ఉండీ లాభం లేదు. సవరణ తేదీలు ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, కౌలు మొదలైన తేదీనే, అంటే సెప్టెంబరు 29నే, సవరణ జరగాలి. గత సవరణ నుంచి మూడేళ్లు గడవాలి, మీకు గడిచాయి. నోటీసుకూ ఆ తేదీకీ మధ్య కనీసం 12 నెలలు ఉండాలి, 24 నెలలు నిండకూడదు. 2027లో సవరణ కావాలంటే నోటీసు 2026 సెప్టెంబరు 29కి ముందే చేరాలి. ఆగస్టులోనే ఇచ్చేయమంటాను. ఒక్కరోజు ఆలస్యమైతే 2028 దాకా ఆగాలి. నోటీసు మీ మామగారి సంతకంతో వెళ్లాలి, కౌలుదారు ఆయనే కదా. ఈలోపు రాజీ కుదరకపోతే, సవరణ తేదీకి ముందున్న ఆరు నెలల్లోనే మధ్యవర్తి నియామకానికి దరఖాస్తు పెట్టాలి. ‘మాట్లాడుకుందాం లెండి’ అన్న మాట నమ్మి ఈ గడువు దాటబెట్టిన కుటుంబాలను చూశాను. అప్పుడు నోటీసు చిత్తుకాగితమే.

మిగిలిన సబ్సిడీలో వాటా సంగతి. 2024 నుంచి ఆ చెల్లింపుకు భూమితో సంబంధం లేదు. అది 2023లో సబ్సిడీకి దరఖాస్తు చేసి అర్హత పొందిన వ్యక్తికి లేదా సంస్థకు, 2020–22 మధ్య వచ్చిన సబ్సిడీ సగటును బట్టి వస్తుంది, ఆయన సాగు మానేసినా వస్తుంది. ఒప్పందంలో ‘ఈ పథకం స్థానంలో వచ్చే చెల్లింపులు’ వంటి మాటలు ప్రత్యేకంగా ఉంటే తప్ప యజమానికి అందులో హక్కు లేదు. ఆ పేజీ ఒకసారి నాకు పంపండి.

పర్యావరణ పథకాల్లో చేరాలనుకుంటే ఒక జాగ్రత్త. యజమాని అకారణంగా కాదంటే మధ్యవర్తి దగ్గరకు వెళ్లే అవకాశం 1986 నాటి వ్యవసాయ కమతాల చట్టం కిందికి వచ్చే పాత కౌలుదారులకు ఇచ్చారు. మీవంటి 1995 చట్టపు కౌలుదారులకు ఇవ్వలేదు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. కాబట్టి పచ్చిక బయలును వేరే వాడకానికి మార్చే ముందు ఒప్పందంలోని సాగు షరతులు చదివి, యజమాని అనుమతి కాగితం మీద తీసుకోండి. కౌలు బేరం జరిగే రోజునే ఈ అనుమతి కూడా అడగండి. అప్పుడు వారికీ మీతో పని ఉంటుంది.