డాక్టర్ సలహా: పేగులో లింఫోమా అంటున్నారు, ఎన్నేళ్లు?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. నాన్నకు 58 ఏళ్లు. మూడు నెలలుగా కడుపునొప్పి, 8 కిలోలు తగ్గారు. కొలనోస్కోపీలో చిన్నపేగు చివర గడ్డ కనిపిస్తే ముక్క తీశారు. లింఫోమా (తెల్లరక్తకణాల్లో వచ్చే క్యాన్సర్) అనుమానం, ఐహెచ్‌సీ (ముక్కకు రంగులేసి రకం తేల్చే పరీక్ష) చేయించండి అని రిపోర్టు. ఈమధ్య మందుల షాపులో ఇచ్చిన చిన్న తెల్లమాత్రలతో నొప్పి తగ్గింది, ఆకలి కూడా బాగా అవుతోంది. పేగు లింఫోమాల్లో ఏ రకం వస్తే ఎన్నేళ్లు బతుకుతారు?

జవాబు: మీరు ఎన్నేళ్లు అని అడిగారు, నా కన్ను మాత్రం ఆ తెల్లమాత్రల దగ్గరే ఆగింది. మూడు నెలలుగా చిక్కిపోతున్న మనిషికి షాపు మాత్రతో ఆకలి పుట్టి నొప్పి పోయిందంటే అది స్టెరాయిడ్ అయ్యుంటుందని నా అనుమానం, డెక్సామెథసోనో ప్రెడ్నిసొలోనో, చూడకుండా ఖాయంగా చెప్పలేను. స్ట్రిప్పు ఉంటే పేరు చూడండి, విడిగా పొట్లం కట్టి ఇచ్చుంటే ఆ పొట్లమే తీసుకెళ్లి మీ డాక్టర్‌కి చూపించండి.

ఎందుకింత చెప్తున్నానంటే స్టెరాయిడ్‌కి లింఫోమా కణాలు కరుగుతాయి, కీమోలో కూడా ప్రెడ్నిసొలోన్ ఉండేది అందుకే. ఒక్కటే వాడితే కొన్నాళ్లు తగ్గినట్టే ఉండి మళ్లీ పెరుగుతుంది, ఈలోపు ముక్క తీస్తే చచ్చిన కణాలే వచ్చి ఏ రకమో తేలదు. మాత్రలు కొలనోస్కోపీకి ముందు మొదలెట్టారా తర్వాతా అనేది మీరు రాయనే లేదు, అసలు కావాల్సింది అదే. ముందైతే డాక్టర్ మళ్లీ బయాప్సీ, అంటే ముక్క తీయడం, అడగొచ్చు, చిరాకు పడబాకండి. ఒకవేళ ఆ గడ్డ పేగు టీబీ అయితే, మన దగ్గర అదే చోట అదీ ఎక్కువే, స్టెరాయిడ్‌తో ఇంకా ముదురుతుంది. అలాగని వారాలుగా వాడుతుంటే ఇవాళే టక్కున ఆపబాకండి, అదీ ప్రమాదమే, ఎలా తగ్గించాలో డాక్టర్ చెప్పాలి. షాపతను మంచోడే అయ్యుండొచ్చు, కానీ నొప్పి తగ్గించడం వేరు, జబ్బు చూడటం వేరు కదా.

ఇక మీ ప్రశ్న. పేగులో ఎక్కువగా వచ్చే లింఫోమా డీఎల్‌బీసీఎల్, బీ సెల్ అనే తెల్లరక్తకణాల్లో పుట్టే రకం. వేగంగా పెరుగుతుంది గానీ మందుకు లొంగుతుంది, ఎక్కడొచ్చినా మొత్తంగా చూస్తే పదిమందిలో సుమారు ఆరుగురికి ఆర్‌చాప్ కీమోతో (రిటుక్సిమాబ్ అనే మందు కలిపి ఇచ్చేది) నయమవుతుంది. డ్యుయోడినంలో, అంటే చిన్నపేగు మొదట్లో, వచ్చే ఫాలిక్యులర్ రకం అయితే చాలామందికి కీమో లేకుండా ఏళ్ల తరబడి గమనిస్తూ ఉంటాం. మాంటిల్ సెల్ మొండిది, తగ్గి తిరిగొస్తుంటుంది. టీ సెల్ అనే ఇంకో తెల్లరక్తకణాల్లో పుట్టే రకాలు, ఈఏటీఎల్, ఎంఈఐటీఎల్ అనేవి, అరుదు గానీ గడ్డువి, సగం మంది ఏడాది అటూఇటూ కూడా దాటట్లేదు, పేగు చిల్లుపడి ఆపరేషన్ టేబుల్ మీదే బయటపడేవీ ఉంటాయి. ఇవన్నీ గుంపు లెక్కలు, మీ నాన్న లెక్క కాదు. ఐహెచ్‌సీ, పెట్ సీటీ (ఒళ్లంతా చూసే స్కాన్), ఎల్‌డీహెచ్ (ఒక రక్తపరీక్ష), లుగానో స్టేజీ (జబ్బు ఎంత పాకిందో చెప్పే లెక్క), ఆయన లేచి తిరుగుతున్నారా లేదా, ఇవి చూడకుండా నేను ఏళ్లు చెప్తే జ్యోతిష్యమే.

రిటుక్సిమాబ్ పెట్టేలోపు హెపటైటిస్ బీ టెస్టు చేశారో లేదో అడగండి, ఒంట్లో దాక్కున్న వైరస్ ఆ మందుతో లేస్తుంది. ల్యాబ్‌లో దాచిన ముక్క బ్లాకులు (మైనంలో పెట్టినవి), స్లైడ్లు అడిగి తీసుకుని తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రికో, దగ్గరనుకుంటే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రికో వెళ్లండి, నెట్లో సర్వైవల్ చూసుకుంటూ వారాలు పోగొట్టుకోబాకండి.

ఒకటి గుర్తుంచుకోండి, స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకు పేగు చిల్లుపడినా నొప్పి పెద్దగా తెలియదు. కడుపు ఉబ్బి గాలి పోకపోయినా, మోషన్ నల్లగా వచ్చినా, ఉన్నట్టుండి చెమటలు పట్టి నీరసపడినా రాత్రి పన్నెండైనా క్యాజువాల్టీకే, పొద్దున్న చూద్దాంలే అని కాదు.